రేవులో ఆగిన దినములు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 27:1 నుండి 28:15 వరకు
తోడుగా చదువవలసినవి: యిర్మీయా 29:4-7, ప్రసంగి 11:4, యాకోబు 4:13-15, హెబ్రీయులకు 13:1-2, 14
కంఠస్థ వాక్యము: హెబ్రీయులకు 13:2
పాఠసారము: ప్రయాణము ఆగిన చోటు కూడ ప్రయాణములో భాగమే. అక్కడ గడిపిన దినములకు కూడ మనము దేవునికి లెక్క చెప్పవలెను.



పసిఫిక్ మహాసముద్రములో టోంగా అనే చిన్న రాజ్యము ఉన్నది. సుమారు 170 దీవులున్నా, మనుషులు కాపురముండేవి కొన్నే. ప్రతి సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు నెలలు వచ్చేసరికి ఆ దీవుల రేవులలో తెరచాప పడవలు ఒక్కొక్కటిగా వచ్చి లంగరు వేస్తాయి. ఇవి సరుకుల ఓడలు కావు. కొన్నిటిలో ఒక కుటుంబమే ఉంటుంది. తండ్రి, తల్లి, బడికి పోయే వయసు పిల్లలు. పది పన్నెండు మీటర్ల పొడవున్న ఆ పడవే వారికి ఇల్లు, బడి, వంటగది. మార్చి, ఏప్రిల్ నెలల్లో పనామా వైపు నుండి బయలుదేరి, మూడు నాలుగు వారాలు నేల కనబడని నీటిమీద నడచి, తాహితి వంటి దీవులలో ఆగుతూ ఇక్కడికి చేరతారు.

ఇక్కడ ఎందుకు ఆగారు? దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుండి ఏప్రిల్ వరకు తుపానుల కాలము. అది రాకముందే వారు దక్షిణముగా న్యూజిలాండుకు దిగిపోవలెను. ఆ దూరము వెయ్యి నాటికల్ మైళ్లకు పైన. గాలితో నడిచే చిన్న పడవకు ఎనిమిది నుండి పది దినముల పని. కాని బుద్ధి పుట్టినప్పుడు బయలుదేరడానికి వీలులేదు. న్యూజిలాండు దగ్గర అల్పపీడనము ఒకటి, దాని వెనుక అధికపీడనము ఒకటి, ఇంచుమించు వారమునకొకసారి పడమటి నుండి తూర్పుకు వరుసగా సాగిపోతుంటాయి. వేళ తప్పి వెళ్లిన పడవకు చివరి రెండు మూడు దినములలో ఎదురుగాలి, పెద్ద కెరటాలు తగులుతాయి. కనుక దారి తెరచుకునేవరకు ఆ కుటుంబము రేవులోనే కనిపెట్టుకొని ఉంటుంది. కొన్నిసార్లు మూడు దినములు, కొన్నిసార్లు మూడు వారాలు.

ఈ కనిపెట్టుట ఎలాగుండవలెనో నేర్చుకొనుటకు మనకు వేదములో ఒక గొప్ప సముద్ర ప్రయాణము వ్రాయబడి ఉన్నది. అందులో ఓడ రెండుచోట్ల ఆగినది. ఒకచోట ఆగలేక చెడిపోయారు. మరొకచోట ఆగి ఆశీర్వాదమయ్యారు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూద్దాము.

1. మంచిరేవులలో తొందర (27:8-20)

క్రేతు ద్వీపములో మంచిరేవులు అనే చోట అలెక్సంద్రియ ఓడ ఆగినది. లోపల గోధుమలు ఉన్నాయి. ఖైదీలు, సైనికులు, నావికులు కలిసి 276 మంది. ఉపవాసదినము అప్పటికే దాటిపోయినదని లూకా వ్రాశాడు. అది యూదుల ప్రాయశ్చిత్త దినము. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో వస్తుంది. ఆ కాలములో మధ్యధరా సముద్రముమీద నవంబరు నుండి మార్చి వరకు ఓడలు దాదాపుగా నడిచేవి కావు. అనగా మంచి వేళ మించిపోయినది.

పౌలు హెచ్చరించాడు. అతడు నావికుడు కాడు, నిజమే. అయినా ఈ ప్రయాణమునకు ముందే తాను మూడుసార్లు ఓడ పగిలి శ్రమపడ్డానని కొరింథీయులకు వ్రాసినవాడు (2 కొరింథీ. 11:25). సముద్రము ఏమి చేయగలదో అతని ఒంటికి తెలుసు. కాని శతాధిపతి ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట నమ్మాడు.

వారిని తొందరపెట్టినవి ఏమిటో గమనించండి. మొదటిది అసౌకర్యము. ఆ రేవు చలికాలము గడపడానికి అనుకూలముగా లేదు. రెండవది లాభము. సరుకు ఎంత త్వరగా చేరితే యజమానికి అంత మేలు. మూడవది ఎక్కువమంది అభిప్రాయము. చేతులెత్తిన లెక్క చూశారు గాని, చెప్పిన మాటలో సత్యమున్నదా అని చూడలేదు. నాలుగవది అన్నిటికన్నా మోసకరమైనది. దక్షిణపు గాలి మెల్లగా వీచినది. ఇంకేమి, అనుకున్నది దొరికినదని లంగరు ఎత్తారు. వారు చేరదలచిన ఫీనిక్సు రేవు ఎంతో దూరము కూడ కాదు, గాలి సరిగా ఉంటే ఒక దినపు ప్రయాణమే. కొద్దిసేపటికే ద్వీపము మీదనుండి ఊరకులోను అనే పెనుగాలి విసిరినది. తరువాత పదునాలుగు రాత్రులు సూర్యుడు లేడు, నక్షత్రములు లేవు, ఆశ కూడ లేదు.

గాలి అనుకూలించినంత మాత్రాన అది దేవుని చిత్తమని అనుకోరాదు. తలుపు తెరచి ఉన్నదంటే దానిలో దూరవలెనని కాదు.

టోంగాలో ఆగిన పడవలవారి మధ్య ఒక మాట ఉన్నది: పడవలో ఉండే వస్తువులన్నిటిలో ప్రమాదకరమైనది తారీఖుల క్యాలెండరు అని. పిల్లల బడి ఫలాని దినమున తెరుస్తారు, అమ్మమ్మ ఫలాని దినమున విమానములో న్యూజిలాండుకు వస్తున్నది, కనుక మనము ఎలాగైనా వెళ్లవలెను అని బయలుదేరిన పడవలే ఎక్కువ కష్టాలు పడతాయట. యాకోబు పత్రికలోని నాలుగవ అధ్యాయము చెప్పేది కూడ ఇదే గదా! ప్రభువు చిత్తమైతే అనే మాట ఉత్తరము చివర అలంకారముగా వ్రాసుకొనే మాట కాదు. నిర్ణయమునకు ముందు ఆగి అడగవలసిన మాట.

యానాం, కాకినాడ తీరమువారికి సముద్రము సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపానులో వేటకు వెళ్లిన జాలరులు ఎంతమంది తిరిగి రాలేదో, ఎన్ని ఇండ్లలో ఏడ్పు పుట్టినదో మన పెద్దలకు ఇంకా జ్ఞాపకమే. వారిది తొందరపాటు కాదు. పూట గడవడానికి పోయిన ప్రాణాలు. వారిని తలచుకున్నప్పుడు, ఆగడానికి అవకాశముండి కూడ ఆగనివాని బాధ్యత ఎంత పెద్దదో తెలుస్తుంది. క్రేతులో 276 ప్రాణములు కొద్దిమంది నిర్ణయముమీద ఆధారపడినవి. మన ఇంటిలో కూడ అంతే. యజమాని తొందరపడి సంతకము పెడితే, ఆ కెరటాలు భార్య మీద, బిడ్డల మీద పడతాయి.

2. మెలితేలో మూడు నెలలు (28:1-10)

ఓడ పగిలినది. ఒక్క ప్రాణము కూడ పోలేదు. ఒడ్డెక్కిన తరువాత అది మెలితే ద్వీపమని తెలిసినది. నేటి మాల్టా అదే. వాన కురుస్తున్నది, చలి వేస్తున్నది. ఆ ద్వీపవాసులు భాష ఎరుగరు, వచ్చినవారు ఎవరో తెలియదు. అయినా నిప్పు రాజబెట్టి అందరిని దగ్గరకు చేర్చుకున్నారు. మొదట ఉపకారము చేసినది సువార్త ఎరిగినవారు కాదు, ఎరుగనివారు. ఈ సంగతి మనము వినయముతో ఒప్పుకొనవలెను.

మరి పౌలు ఏమి చేశాడు? అతడు ఖైదీ. ప్రయాణము ఎప్పుడు మొదలౌతుందో అతని చేతిలో లేదు. అలసినవాడు, తడిసినవాడు, పెద్దవాడు. ఒక మూల కూర్చున్నా ఎవరూ తప్పు పట్టరు. కాని అతడు పుల్లలు ఏరి మోపుగా తెచ్చి నిప్పులో వేశాడు. ద్వీపములో అతని పరిచర్య ప్రసంగముతో కాదు, పుల్లల మోపుతో మొదలైనది.

తరువాత పొప్లి తండ్రి జ్వరముతో, రక్తభేదితో మంచము పట్టి ఉంటే, పౌలు లోపలికి వెళ్లి ప్రార్థన చేసి చేతులుంచాడు. అతడు బాగుపడ్డాడు. మిగిలిన రోగులు కూడ వచ్చి స్వస్థత పొందారు. మెలితేలో పౌలు చేసిన ప్రసంగమును లూకా ఒక్కటి కూడ వ్రాయలేదు. ప్రసంగించలేదని దీని అర్థము కాదు. ఆ మూడు నెలలలో జ్ఞాపకముంచుకొనదగినవిగా ఆత్మ వ్రాయించినవి మాత్రము పుల్లలు ఏరుట, రోగిని దర్శించుట, ప్రార్థించుట. ఈ మూడింటికి వేదిక అక్కరలేదు, మైకు అక్కరలేదు, కమిటీ తీర్మానము అక్కరలేదు.

టోంగాలో ఆగిన కుటుంబములు కూడ ఊరకే కూర్చోవు. చినిగిన తెరచాప కుడతారు, ఇంజను చూసుకుంటారు, మంచినీళ్లు నింపుతారు. పిల్లలకు ఉదయము పాఠాలు జరుగుతాయి. ఆదివారము వచ్చిందంటే ఊరంతా నిశ్శబ్దము. 1875లో వచ్చిన ఆ దేశపు రాజ్యాంగమే విశ్రాంతిదినమును పరిశుద్ధముగా ఎంచవలెనని చెప్తున్నది. అంగళ్లు తీయరు, కొనుగోళ్లు లేవు. గుడి గంట మాత్రము మ్రోగుతుంది. నడుముకు అల్లిన చాప చుట్టుకున్న టోంగావారు మెథడిస్టు మందిరాలలో నాలుగు స్వరములలో గొంతెత్తి పాడుతుంటే, మాట ఒక్కటి అర్థము కాకపోయినా వెనుక బల్లమీద కూర్చున్న పరదేశుల కళ్లు చెమర్చుతాయి. ఆరాధన తరువాత మట్టిపొయ్యిలో ఉడికించిన దుంపలు, చేపలు అందరితో పంచుకుంటారు. అట్టి రేవును కేవలము నీళ్లు పట్టుకొనే చోటుగా చూచి వెళ్లిపోయేవారు ఉంటారు. పేరుపేరున పలకరించి, చేతనైనది చేసిపెట్టి, కన్నీళ్లతో సాగనంపబడేవారు కూడ ఉంటారు. ఆగిన దినములు ఇద్దరికీ ఒక్కటే. మిగిలిన ఫలము వేరు.

అదే సముద్రములో జరిగిన ఒక సంగతి మన మనస్సులో నిలువదగినది. 1962 జూలైలో టోంగా నుండి న్యూజిలాండుకు బయలుదేరిన టుఐకాయెపావు అనే పడవ 17 మందితో వెళ్తూ, నడిసముద్రములో ఉన్న మినర్వా పగడపు దిబ్బను రాత్రివేళ తాకి పగిలినది. అక్కడ చెట్టు లేదు, ఊట లేదు. పోటు వచ్చినప్పుడు దిబ్బ మునుగుతుంది. అంతకుముందే అక్కడ చిక్కుకున్న ఒక జపాను చేపల పడవ శిథిలములో వారు సుమారు మూడు నెలలు బ్రతికారు. కొందరు అక్కడే కన్నుమూశారు. వెదుకుటకు ఎవరూ రాలేదని తెలిసినప్పుడు, ఆ శిథిలపు చెక్కలతోనే ఒక చిన్న పడవ కట్టారు. కెప్టెన్ టెవిటా ఫిఫిటా, అతని కుమారుడు, వడ్రంగి కలిసి ఫిజీ వైపు వెళ్లారు. ఒడ్డు దగ్గరపడిన తరువాత ఆ చిన్న పడవ బోల్తాపడినది. కుమారుడు నీళ్లలో చనిపోయాడు. తండ్రి ఒడ్డెక్కి మిగిలినవారి కబురు చెప్పగా, వారు రక్షింపబడ్డారు. ఆ తండ్రి కన్నబిడ్డను పోగొట్టుకున్నాడు, దిబ్బమీద మిగిలినవారి ప్రాణములు దక్కాయి. చేతికందిన విరిగిన చెక్కతోనే ఇతరుల కొరకు పని మొదలుపెట్టవచ్చునని వారి కథ మనకు చెప్తున్నది.

3. లంగరు ఎత్తే వేళ (28:11-15)

ఆగుట ఎంత అవసరమో, వేళ వచ్చినప్పుడు బయలుదేరుట కూడ అంతే అవసరము. మూడు నెలలైన తరువాత పౌలు అశ్విని చిహ్నముగల వేరొక ఓడ ఎక్కాడు. మెలితేలో గౌరవమున్నది, స్నేహమున్నది. రోమాలో సంకెళ్లున్నాయి. అయినా వెళ్లాడు.

పడవల కుటుంబములకు ఇక్కడ ఒక కష్టమున్నది. వాతావరణ సూచన ఐదారు దినములవరకే బాగా నమ్మదగినది. ప్రయాణము ఎనిమిది, పది దినములు. కనుక ఎంత జాగ్రత్తపడినా, బయలుదేరే దినమున చివరి గట్టు ఎలాగుంటుందో ఎవరికీ తెలియదు. ఈనాడు ఉపగ్రహాల ద్వారా పడవలోనే ప్రతి ఉదయము సూచన చూసుకుంటున్నారు. అయినా ఈ లోటు తీరలేదు. మొదటి సగము చూచుకొని, రెండవ సగమునకు సిద్ధపడి వెళ్లవలసినదే. నూటికి నూరుపాళ్లు నిశ్చయమైతేనే కదులుతామని కూర్చున్నవారి మీదికి తుపానుల కాలమే వస్తుంది. గాలిని చూస్తూ ఉండేవాడు విత్తడని ప్రసంగి గ్రంథము చెప్పేది ఇదే.

తొందర అవిశ్వాసమైనట్లే, కదలకపోవుట కూడ అవిశ్వాసమే కావచ్చును.

పౌలు పొతియొలీలో దిగగా సహోదరులు ఏడు దినములు ఉంచుకున్నారు. రోమా నుండి మరికొందరు దారిలోనికి ఎదురువచ్చారు. వారిని చూచి అతడు దేవునికి స్తోత్రము చెల్లించి ధైర్యము తెచ్చుకున్నాడు. తుపానులో 276 మందికి ధైర్యము చెప్పినవానికి కూడ, రేవులో ఎదురువచ్చే సహోదరుని ముఖము కావలసివచ్చినది.

4. మన రేవు

ఇప్పుడు మన సంగతి ఆలోచిద్దాము. మన తాతలు గనులకు, మిల్లులకు, రైల్వే పనికి, పారిశుధ్య పనికి ఇల్లు విడిచి వచ్చారు. నాలుగేండ్లు సంపాదించి ఊరికి పోదామనే వచ్చారు. కోలారు బంగారు గనులలో పని 2001లో ఆగిపోయినది, కాని మనవారి ఇండ్లు అక్కడే ఉన్నాయి. షోలాపూరులో, ముంబాయిలో, బరంపురములో, చెన్నైలో మూడవ తరము, నాలుగవ తరము పెరుగుచున్నది. ఇంకను మన ప్రార్థనలలో "మన ఊరు" అంటే వేరే ఊరే.

ఇందులో రెండు అపాయములున్నవి. ఒకటి మంచిరేవులవారి అపాయము. ఇది ఎలాగూ మనది కాదని, ఇక్కడ ఇబ్బందిగా ఉన్నదని విసుగుకొనుట. అట్టివారు మందిరపు గోడ బీటలు తీసినా పట్టించుకోరు. ప్రక్కింటి కన్నడిగుల పేరు, తమిళుల పేరు, ఒడియావారి పేరు, మరాఠీవారి పేరు ఇరువది ఏండ్లయినా తెలుసుకోరు. బబులోనులో ఉన్న చెరవారికి దేవుడు యిర్మీయా చేత ఇల్లు కట్టుకోమని, తోటలు నాటుకోమని, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించమని చెప్పించాడు. తిరిగి వెళ్లే వాగ్దానము ఉండగానే ఆ మాట చెప్పించాడు.

రెండవది మెలితే సుఖములో లంగరు ఎత్తడము మరచిపోయే అపాయము. అద్దె ఇల్లు సొంత ఇల్లయినది, గౌరవము వచ్చినది, ఇక సంఘము ఒక కులసంఘము వలె, పెండ్లిళ్లకు, సమాధులకు మాత్రమే అక్కరకు వచ్చేదిగా మిగిలిపోతుంది. మనకు ఇక్కడ నిలువరమైన పట్టణము లేదని హెబ్రీ పత్రిక గుర్తుచేస్తున్నది. ఆ పట్టణము మన స్వగ్రామము కూడ కాదు.

మన బాప్టిస్టు చరిత్రలోనే దీనికి మాదిరి ఉన్నది. శామ్యూల్ డే గారు 1836లో తెలుగువారికొరకు ఈ దేశమునకు వచ్చారు. నెల్లూరు చేరినది 1840లో. మధ్యలో 1837 నుండి మద్రాసులో ఉన్న కాలమును వృథా చేయక, అక్కడ కాపురమున్న తెలుగువారి మధ్యనే పనిచేశారు. నెల్లూరు మిషను గురించి గొప్పగా చెప్పుకొనే మనము, ఆ పని మనవంటి వలసవారి వీధులలో మొదలైనదని మరువరాదు.

మన పిల్లల విషయము మరీ ముఖ్యము. ఇంటిలో తెలుగు మాట్లాడతారు గాని, పాటల పుస్తకము ఇస్తే అక్షరము రాదు. ఆరాధనలో నోరు కదిపి ఊరకుంటారు. వారిని మందలించుట సులభము. పుల్లలు ఏరుట కష్టము. ఆదివారము సాయంకాలము ఒక గంట ఎవరైనా తల్లి, ఎవరైనా విశ్రాంత ఉపాధ్యాయుడు అక్షరములు దిద్దిస్తే, అది మెలితేలో పౌలు తెచ్చిన మోపు వంటిదే. బడిలో నేర్చిన భాషలో వారు ప్రార్థన చేస్తే, ఆ ప్రార్థనను కూడ సంతోషముతో ఆమేన్ అని అంగీకరించవలెను. భాష మన పడవ, గమ్యము ప్రభువే. పడవను కాపాడుకుందాము, పడవనే పూజించకుందాము.

ఇంకొక మాట. ఈ నెలలో కూడ ఏదో ఒక కుటుంబము పనికొరకు మీ పట్టణమునకు వచ్చి, పెట్టె దించుకొని, ఎవరిని అడగాలో తెలియక నిలబడి ఉండవచ్చును. పొతియొలీ సహోదరులు ఆ కుటుంబమునకు ఎవరు?

చర్చించుటకు ప్రశ్నలు

1. మంచిరేవులలో ఓడవారిని తొందరపెట్టిన నాలుగు సంగతులు ఏవి? మీ కుటుంబములో ఇటీవల తీసుకున్న ఒక నిర్ణయములో వీటిలో ఏది పనిచేసినది?
2. పౌలు మెలితేలో చేసిన పనులను వరుసగా వ్రాయండి. వాటిలో ఖైదీ చేయలేని పని ఏదైనా ఉన్నదా?
3. మన సంఘమునకు ఇరుగుపొరుగువారు చేసిన ఉపకారమును ఒకటి చెప్పండి. దానికి మనము ఏమి బదులు చేశాము?
4. దేవుడు కదలమని చెప్పినా, నిశ్చయము చాలదని మన సంఘము వాయిదా వేస్తున్న పని ఏది?
5. మన పిల్లలలో తెలుగు చదువలేనివారు ఎందరు? ఎవరు నేర్పుతారు? ఏ దినమున మొదలుపెడతారు? పేర్లు, వారము వ్రాసుకొని లేవండి.

ప్రార్థన: ప్రభువా, ఆగుమన్నప్పుడు ఆగుటకు ఓపికను, పొమ్మన్నప్పుడు పోవుటకు ధైర్యమును, ఆగినచోట పుల్లలు ఏరుటకు వంగే నడుమును మాకు దయచేయుము. మమ్మును చేర్చుకొన్న ఈ పట్టణములను, వీటి ప్రజలను ఆశీర్వదించుము. సముద్రముమీద ఉన్న జాలరులను, దూరదేశములలో రేవులు వెదకుచున్న ప్రతి కుటుంబమును కాపాడుము. ఆమేన్.